జమ్మూకశ్మీర్ నుంచి కన్యాకుమారి: ఎవరి సామాను వాళ్లే మోసుకునే సైకిల్ రేసు పెడదామా?

హైవే_పిచ్చుక (హైదరాబాద్)

అందరికీ నమస్తే. చాలాకాలంగా బుర్రలో తిరుగుతున్న ఆలోచన, ఇక్కడ పెడితే తిట్లయినా సలహాలయినా వస్తాయని పెడుతున్నా. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సైకిల్ రేసు. వెనక కారు ఉండదు, కాళ్లు పట్టేవాళ్లు ఉండరు, కిటికీలోంచి అరటిపండు అందించే బావమరిది ఉండడు. ఎవరి సామాను వాళ్లే మోసుకోవాలి, ఎవరి పంక్చరు వాళ్లే వేసుకోవాలి, తిండీ నిద్రా దారిలో దొరికినచోట చూసుకోవాలి. గడియారం లాల్ చౌక్ దగ్గర మొదలైతే కన్యాకుమారిలోనే ఆగుతుంది, మధ్యలో మీరు పడుకున్నా అది పడుకోదు.

ఇప్పుడు మన దగ్గర పేరున్నవి పుణె–గోవా డెక్కన్ క్లిఫ్‌హ్యాంగర్ లాంటి రేసులు. వాటికి బండి కావాలి, డ్రైవర్లు కావాలి, మనతోపాటు సెలవు పెట్టే స్నేహితులు కావాలి. అంత ఖర్చు అందరూ పెట్టలేరు. సైకిల్, నాలుగు సంచులు, ఒక ఫోను ఉంటే చాలు అనే రేసు కావాలి కదా.

రూటు నేషనల్ హైవే 44. మొత్తం 3,745 కిలోమీటర్లు, అందులో పెద్ద ముక్క మనదే. పెన్‌గంగ దాటగానే ఆదిలాబాద్, తర్వాత నిర్మల్, కామారెడ్డి, హైదరాబాద్, జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ. 15 రోజుల్లో కొట్టాలంటే రోజుకు 250, 20 రోజులైతే 187. నా లెక్క: 100 మంది, ఎంట్రీ ఫీజు, మొదటి ముగ్గురికి ప్రైజ్ మనీ, డిసెంబరు చివరి సెలవుల్లో. ఇక కుమ్మండి.

రాత్రి_లైటు (విశాఖ)

ముందు ప్రైజ్ మనీ తీసెయ్యి తమ్ముడూ. డబ్బు పెట్టిన మరుక్షణం మూడో రాత్రి కూడా పడుకోకుండా తొక్కేవాడు ఒకడు తయారవుతాడు, వాడిని చూసి ఇంకో నలుగురు. అమెరికాలో టూర్ డివైడ్ అని ఉంది చూడు, కెనడా బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా దాదాపు 4,400 కిలోమీటర్లు, ఎక్కువ మట్టిదారి. ఫీజు లేదు, బహుమతి లేదు. జూన్‌లో రెండో శుక్రవారం వస్తున్నామని ముందుగా ఒక ఉత్తరం ముక్క రాసి, ఆ పొద్దున అక్కడికి వచ్చి బయల్దేరతారు, అంతే. అయినా ఏటా జనం వస్తూనే ఉన్నారు.

రెండోది, 100 మంది అన్నావు. ట్రాన్స్‌కాంటినెంటల్ రేసు 2013లో మొదలైనప్పుడు లండన్ నుంచి ఇస్తాంబుల్‌కి బయల్దేరింది ఒక ముప్పై మంది. మైక్ హాల్ లాంటి మనిషి, అప్పటికే ప్రపంచం చుట్టూ సైకిల్ మీద తిరిగి వచ్చినవాడు, అంత చిన్నగా మొదలుపెట్టాడు. మనం మొదటి ఏడాదే వందా?

మూడోది డిసెంబరు. అంబాలా నుంచి ఆగ్రా దాకా డిసెంబరు పొగమంచులో హైవే మీద తొక్కించడం అంటే రేసు కాదు అది. ఎదురుగా ఉన్న లారీ వెనక లైటు కనబడదు, వెనకొచ్చేవాడికి మన లైటు అంతకన్నా కనబడదు.

సీమ_చక్రం (అనంతపురం)

డిసెంబరు కాదు సరే, మరి ఎప్పుడు? కూర్చుని చూశా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నాగపూర్, ఆదిలాబాద్ పక్క 45 డిగ్రీలు, తారు రోడ్డు మీద ఇంకా ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు వానలు, పైగా దక్షిణాన ఎదురుగాలి. కన్యాకుమారికి ముందు అరల్వాయ్‌మొళి, ముప్పందల్ దగ్గర అన్ని గాలిమరలు పెట్టింది ఊరికే కాదు, అక్కడ జూన్ జులైలో సైకిల్ నిలబెట్టడమే కష్టం. అక్టోబరు చివరికి పంజాబ్‌లో గడ్డి తగలబెట్టిన పొగ, అదే టైముకు తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వాన. జనవరి ఫిబ్రవరుల్లో కశ్మీర్‌లో మంచు, రోడ్డు ఎప్పుడు మూస్తారో తెలియదు.

మిగిలింది అక్టోబరు మొదటి వారంలో మొదలుపెట్టడం. పొగ రాకముందే ఢిల్లీ దాటేస్తాం, తమిళనాడు చేరేసరికి వాన మొదలయ్యీ కాకుండా ఉంటుంది. దసరా ఊరేగింపులు అడ్డొస్తాయి, వాటికి ఎవరూ ఏం చేయలేరు.

హైవే_పిచ్చుక

అక్టోబరు ఓకే. ప్రైజ్ మనీ కూడా తీసేశా. 30 మంది అనుకుందాం. కశ్మీర్ మంచు గురించి అన్నారు కాబట్టి అడుగుతున్నా, అక్టోబరులో ఆ రోడ్డు పర్లేదు కదా?

రాత్రి_లైటు

మంచు ఉండదు, కొండ ఉంటుంది. రాంబన్–బనిహాల్ మధ్య కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేయడం ఏటా ఉండేదే. 2025 ఏప్రిల్‌లో రాంబన్ దగ్గర ఎంత పనైందో వార్తల్లో చూశాం. ఇప్పుడు రేసు సంగతి ఆలోచించు. ముందున్న పది మంది ఉదయం దాటేశారు, మధ్యాహ్నం కొండ జారింది, వెనక ఇరవై మంది రెండు రోజులు అక్కడే. గడియారం ఆపుతావా? ఎవరికి ఆపుతావు? ఆపితే ముందు వెళ్లినవాడు ఊరుకుంటాడా?

ఇంకొకటి, ఆ దారిలో రెండు పెద్ద సొరంగాలు. చెనాని–నాశ్రీ తొమ్మిది కిలోమీటర్ల పైన, కాజీగుండ్–బనిహాల్ ఎనిమిదిన్నర దాకా. రెండోది కట్టింది మన హైదరాబాద్ నవయుగ కంపెనీయే, అందుకే దాన్ని నవయుగ సొరంగం అని కూడా అంటారు. అంత పొడవు సొరంగంలో, బండ్ల పొగలో సైకిల్ పంపాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. లేదంటే పాత పట్నీటాప్ ఘాట్ ఎక్కి దిగాలి.

నేనైతే గడియారం జమ్మూలో మొదలుపెడతా. సొరంగాలు రెండూ, రాంబన్ కూడా దానికి ఎగువే. మిగిలేది సుమారు 3,500 కిలోమీటర్లు, అది చాలదా మనకి?

కొత్త_పెడల్ (నెల్లూరు)

అయ్యో కశ్మీర్ లోయ లేకుండా కేటూకే (కశ్మీర్ టు కన్యాకుమారి) ఎలా అవుతుంది అన్నా, లాల్ చౌక్ గంటస్తంభం ముందు ఫొటో కోసమే కదా సగం మంది వచ్చేది.

రాత్రి_లైటు

ఫొటో దిగి రైలెక్కి జమ్మూ రా. ఎవరొద్దన్నారు.

చుక్కల_కాపలా (మెల్‌బోర్న్)

చాలా ఏళ్లుగా ఈ రేసులను మ్యాప్ మీద చుక్కలు (ఒక్కో రైడరు దగ్గరున్న ట్రాకర్ ఒక్కో చుక్కగా కనబడుతుంది) చూస్తూ ఫాలో అయ్యేవాడిని కాబట్టి ఒక విషయం చెప్పాలి, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

2017 మార్చిలో ఇక్కడ ఇండియన్ పసిఫిక్ వీల్ రేస్ జరిగింది. పశ్చిమ తీరం ఫ్రీమాంటిల్ నుంచి సిడ్నీ ఒపెరా హౌస్ దాకా 5,500 కిలోమీటర్లు, మధ్యలో నల్లార్‌బార్ మైదానం. ఆఫీసులో అందరం పని మానేసి చుక్కలు చూసేవాళ్లం, రోడ్డు పక్కన పల్లెటూళ్ల జనం ఆ చుక్క ఎప్పుడొస్తుందో చూసుకుని బయట నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు. ముందు క్రిస్టాఫ్ అలెగార్ట్, వెనకే మైక్ హాల్. మార్చి 31న ఇంకా తెల్లవారలేదు, కాన్‌బెర్రా దగ్గర మొనారో హైవే మీద మైక్ హాల్‌ని కారు గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. పైన రాత్రి_లైటు గారు చెప్పిన ట్రాన్స్‌కాంటినెంటల్ మొదలుపెట్టిన మనిషే. రేసు ఆపేశారు. కానీ చాలామంది రైడర్లు ఆగలేదు, రేసు లేకపోయినా సిడ్నీ దాకా తొక్కుకుంటూ వచ్చారు, ఒపెరా హౌస్ మెట్ల దగ్గర జనం పోగయ్యారు. 2018లో రెండోసారి పెట్టాలనుకుంటే మరణ విచారణ ఇంకా నడుస్తుండటంతో అదీ రద్దయింది.

అదే 2017లో ట్రాన్స్‌కాంటినెంటల్‌లో కూడా, మొదలైన రాత్రే బెల్జియంలో ఒక పోటీదారుణ్ని బండి గుద్ది చంపేసింది. ఆ రేసు మాత్రం కొనసాగింది.

చెప్పేదేంటంటే, సపోర్టు లేని రేసు పెట్టడం చౌక, అందుకే సులువు అనిపిస్తుంది. టెంటు లేదు, అంబులెన్సు లేదు, వాలంటీర్లు నలుగురు చాలు. కానీ ఎవరికైనా ఏదైనా అయితే వాళ్ల ఇంటికి ఫోన్ చేయాల్సింది మీరే, పోలీసు స్టేషన్‌లో కూర్చోవాల్సింది మీరే. అది ఎవరు చేస్తారో పేరు రాసి పెట్టుకున్నాకే పోస్టరు వేయండి.

బల్ల_లాయరు (గుంటూరు)

మెల్‌బోర్న్ సోదరుడు చెప్పినదానికి నా వంతు. మోటారు వాహనాల చట్టంలో రోడ్డు మీద రేసులను అడ్డుకునే సెక్షన్ 189 మోటారు బండ్లకు సంబంధించింది, సైకిల్‌కి నేరుగా తగలదు. దానికి సంబరపడొద్దు. మీరు రోడ్డు మూయమని అడగట్లేదు, ట్రాఫిక్ ఆపమనట్లేదు, ఒక్కొక్కడూ మామూలు ప్రయాణికుడిలా సిగ్నల్ దగ్గర ఆగి వెళ్తాడు, ఇది మీ బలం. కానీ ఫీజు తీసుకుని, నంబరు ఇచ్చి, బ్యానరు కట్టాక మీరు నిర్వాహకులే. "నాకేమైనా అయితే నాదే బాధ్యత" అని సంతకం పెట్టించుకున్న కాగితం, మీ నిర్లక్ష్యం రుజువైతే మిమ్మల్ని కాపాడదు.

కాబట్టి: ఒక్కడి పేరు మీద పెట్టకండి. సొసైటీ రిజిస్టర్ చేయండి, మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. ప్రతి రైడరుకీ ప్రమాద బీమా, ఆరోగ్య బీమా తప్పనిసరి. పాలసీలో రేసులు, సాహస క్రీడలు వర్తించవని ఒక లైను ఉంటుంది, ఎవరూ చదవరు, మీరు చదివించండి. దారిలో పదికి పైగా రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు. అన్ని చోట్లా అనుమతి తెచ్చుకోలేరు, కానీ తేదీలు, మనుషుల సంఖ్య, ఫోన్ నంబర్లతో ఒక సమాచార లేఖ ముందుగా ఎస్పీ ఆఫీసులకు పంపండి. జవాబు రాకపోయినా పంపినట్టు రసీదు ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి రూటు. "ఇదే రోడ్డు మీద వెళ్లాలి" అని మీరు గీత గీస్తే, ఆ రోడ్డు మీద ఏం జరిగినా దాన్ని ఎంచుకున్నది మీరే.

హైవే_పిచ్చుక

అయితే ట్రాన్స్‌కాంటినెంటల్ పద్ధతి బాగుందేమో. మధ్యలో నాలుగు కంట్రోల్ పాయింట్లు, అంటే తప్పనిసరిగా వెళ్లి స్టాంపు వేయించుకోవాల్సిన చోట్లు ఇస్తారు, వాటి మధ్య దారి ఎవరిష్టం వాళ్లది. ఎన్‌హెచ్ 44 మీదే పోతారో, పక్కన రాష్ట్ర రహదారి పట్టుకుంటారో వాళ్ల తెలివి.

సీమ_చక్రం

నాకు ఇదే నచ్చింది. 3,500 కిలోమీటర్లూ నాలుగు లేన్ల డివైడరు చూసుకుంటూ తొక్కాలంటే పిచ్చెక్కుతుంది. పైగా హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ మీదకి సైకిల్ రానివ్వరు, ఢిల్లీ నడిమధ్యలోంచి వెళ్లాలనుకునేవాడు వెళ్తాడు, వద్దనుకునేవాడు చుట్టూ తిరుగుతాడు.

కంట్రోల్ ఒకటి లేపాక్షిలో పెట్టండి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి పదిహేను కిలోమీటర్లు లోపలికి. బసవన్న దగ్గర స్టాంపు వేసుకుని, నీళ్లు తాగి, మళ్లీ హైవే ఎక్కొచ్చు. హైవే మీద టోల్‌ప్లాజా పక్కన పెడితే ఏం చూసినట్టు?

గ్రీజు_చేతులు (నిజామాబాద్)

లేపాక్షి మంచిదే. నిర్మల్ కూడా పెట్టండి, సోన్ దగ్గర గోదావరి దాటే ముందు అందరూ ఒకసారి ఆగుతారు.

నేను షాపు మనిషిని కాబట్టి సామాను గురించి రాస్తా. హైవే అంచున పంక్చర్లు ఎక్కువ మేకుల వల్ల కాదు, పేలిన లారీ టైర్లలోంచి రాలే సన్నటి ఇనుప తీగల వల్ల. కంటికి కనబడదు, గుచ్చుకుంటే మెల్లగా గాలి దిగుతుంది, ట్యూబు మార్చినా తీగ టైరులోనే ఉంటే మళ్లీ అదే కథ. ఒక చిన్న ప్లకర్ పెట్టుకోండి, కనుబొమ్మలు తీసుకునేదే, దాంతో తీగ లాగొచ్చు. దారిలో ప్రతి పది కిలోమీటర్లకూ పంక్చర్ షాపు ఉంటుంది, కానీ వాడి దగ్గర ఉండేది లారీకీ బైకుకీ. మన సన్నటి ప్రెస్టా వాల్వుకి వాడి గాలి గొట్టం పట్టదు. పావలా అంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే బతికిపోతారు. 700సీ (రోడ్డు సైకిళ్ల చక్రం సైజు) ట్యూబులు ఝాన్సీలో దొరుకుతాయనుకుని వెళ్లకండి, పెద్ద సిటీల్లో తప్ప కష్టం.

ఒక డౌటు. నేను దారిలో ఎవరికైనా చైను బాగుచేస్తే వాళ్లు అవుటా?

రాత్రి_లైటు

నీ షాపు ఎవరికైనా తెరిచే ఉంటుంది, డబ్బులు తీసుకుని ఎవరికైనా చేస్తావు కాబట్టి తప్పు లేదు. స్నేహితుడని అర్ధరాత్రి షట్టరు ఎత్తి చేస్తే తప్పు. ఈ రేసులన్నిటికీ రూలు ఒకటే: నీకు దొరికింది వెనకొచ్చే ప్రతివాడికీ అలాగే దొరకాలి. ఇద్దరు రైడర్లు ఒకరికొకరు ట్యూబు ఇచ్చుకోకూడదు, ఒకరి వెనక ఒకరు గాలి చాటున తొక్కకూడదు, లారీ చాటున అసలే వద్దు.

కొత్త_పెడల్

మరి పంజాబ్‌లో గురుద్వారా లంగరు? అక్కడ డబ్బు తీసుకోరు కదా. ఫ్రీగా తింటే సపోర్టు కిందకి వస్తుందా?

సీమ_చక్రం

మంచి ప్రశ్న. లంగరు ఎవరొచ్చినా పెడతారు, రైడరా కాదా అని అడగరు. కాబట్టి ఓకే. మన చలివేంద్రం కూడా అంతే, కుండలో నీళ్లు, మజ్జిగ దారినపోయే ఎవరికైనా.

నా సమస్య వేరు. మా అత్తగారి ఊరు గుత్తి. హైవేకి కిలోమీటరు. నేను ఈ రేసులో ఉండి, గుత్తి దాటేటప్పుడు ఇంటికి వెళ్లి భోంచేయకుండా పోతే జీవితాంతం వినాలి. వెళ్తే మీరు డిస్‌క్వాలిఫై చేస్తారు. ఏది పెద్ద ప్రమాదమో మీరే చెప్పండి.

బల్ల_లాయరు

అత్తగారు మిగతా ఇరవై తొమ్మిది మందికీ పెడితే మీకు పెట్టొచ్చు.

సీమ_చక్రం

సార్ ఆవిడ నిజంగానే పెట్టేస్తుంది, ఈ ముక్క ఆవిడకి చెప్పొద్దు.

హైవే_పిచ్చుక

నవ్వుకున్నాం గానీ ఇది రూల్స్‌లో రాయాల్సిన విషయమే. మన ఊళ్లలో ఎవరైనా దుమ్ముకొట్టుకుని సైకిల్ మీద వస్తే టీ కొట్టువాడు డబ్బు వద్దంటాడు, రైతు పుచ్చకాయ కోసిస్తాడు. అవి ముందుగా ఏర్పాటు చేసుకున్నవి కావు. కాబట్టి: అనుకోకుండా ఎదురైన తెలియనివాళ్ల మర్యాద ఓకే, ముందే తెలిసినవాళ్ల ఇల్లు, బండి, తిండి, మంచం వద్దు. బాగుందా?

బ్రెవే_అక్క (విజయవాడ)

బాగుంది, కానీ ఇక్కడిదాకా వచ్చిన చర్చంతా మగవాళ్ల శరీరంలో కూర్చుని రాస్తున్నారు. దారిలో దొరికినచోట పడుకోవాలి అన్నారు. మీరు ధాబా ముందు నవారు మంచం మీద పడుకుంటారు, ఇరవై మంది లారీ డ్రైవర్ల మధ్య. నేను పడుకోగలనా? రాత్రి పదకొండుకి చెమటతో ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి రూము ఇచ్చేది లేదని చెప్పిన లాడ్జిలు నాకు తెలుసు, ఆధార్ చూపించినా సరే. ఇచ్చినా సైకిల్ బయట పెట్టమంటారు. అంటే నేను సాయంత్రం ఏడుకే ఆగి రూము చూసుకోవాలి, నా పక్కన రైడరు తెల్లవారుజామున రెండు దాకా తొక్కుతాడు. ఒకే రేసు కాదు అది.

దీనికి జవాబుగా ఆడవాళ్లకి వేరే టైమిస్తాం, దారిలో మనిషిని పెడతాం అనొద్దు. అది అక్కర్లేదు. 2016లో ట్రాన్స్ ఆమ్ రేసు అమెరికా అడ్డంగా తొక్కి లేల్ విల్‌కాక్స్ మగవాళ్లందరికంటే ముందొచ్చింది. 2019లో ఫియోనా కోల్‌బింగర్ బల్గేరియా బుర్గాస్ నుంచి ఫ్రాన్స్ బ్రెస్ట్ దాకా ట్రాన్స్‌కాంటినెంటల్ అందరికంటే ముందు పూర్తిచేసింది, పది రోజుల చిల్లరలో. కాళ్లలో తేడా వల్ల కాదు నేనడిగేది.

అడిగేది రెండు. ఒకటి, జంటల విభాగం పెట్టండి, ఇద్దరు కలిసి వెళ్లి కలిసి ముగించేది, వాళ్లిద్దరి మధ్య ఏమైనా పంచుకోవచ్చు. రెండు, అందరికీ రాత్రి ఆగే టైము పెట్టండి. పది నుంచి నాలుగు. చుక్క కదలకూడదు. కదిలితే ఆ టైము రెండింతలు కలపండి.

రాత్రి_లైటు

రాత్రి తొక్కడమే ఈ ఆటలో అందం అమ్మా, నా పేరే చూడు. అక్టోబరులో మధ్యాహ్నం ఎండ కన్నా రాత్రి పన్నెండింటికి గ్వాలియర్ రోడ్డు హాయి. బ్రెవేల్లో (పోటీ కాకుండా, ఇచ్చిన గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) 600 కిలోమీటర్లకి 40 గంటలు, 1,200కి 90 గంటలు ఇస్తారు, రాత్రి తొక్కకుండా అవి అవుతాయా? పది నుంచి నాలుగు అంటే అది రేసు కాదు, పగటి యాత్ర.

బ్రెవే_అక్క

నేనూ ఆ బ్రెవేలు తొక్కినదాన్నే అన్నయ్యా. ఒక రాత్రి, రెండు రాత్రులు, సరే. పన్నెండో రాత్రి ఎలా ఉంటుందో వేరు. నిద్ర చాలనివాడికి తాను తూలుతున్నట్టు కూడా తెలియదు. దానికి తోడు మన హైవే: లైట్లు లేని ట్రాక్టరు, రాంగ్ సైడులో వచ్చే బైకు, డివైడరు పక్కన పడుకున్న ఆవులు. పెంచ్ దగ్గర, సివనీకీ నాగపూర్‌కీ మధ్య అడవి, జంతువులు దాటడానికని రోడ్డునే పైకి లేపి కట్టిన చోటు, అక్కడ అర్ధరాత్రి ఒక్కడే ఏం చేస్తాడు? ధర్మపురి దగ్గర తొప్పూర్ ఘాట్ దిగేటప్పుడు లారీల బ్రేకులు ఫెయిలై ఎన్ని ప్రమాదాలో, అది నిద్రమత్తులో దిగాల్సిన చోటా?

మెల్‌బోర్న్ ఆయన చెప్పింది మళ్లీ చదవండి. తెల్లవారకముందు జరిగింది. పోయినవాడు కొత్తవాడు కాదు.

చుక్కల_కాపలా

అక్కతో సగం ఏకీభవిస్తా. పూర్తిగా ఆపేస్తే పగలంతా ఎండలో, ట్రాఫిక్‌లో తోస్తారు, అదీ మంచిది కాదు. న్యూజిలాండ్‌లో టూర్ ఆఓటెయరోవా అని 3,000 కిలోమీటర్లది ఉంది, ఉత్తర కొస నుంచి దక్షిణ కొస దాకా. వాళ్లు అసలు రేసు అనరు, బ్రెవే అంటారు. పది రోజుల కన్నా తక్కువలో రాకూడదు, ముప్పై దాటకూడదు. అందరినీ ఒకే పొద్దున వదలకుండా గుంపులు గుంపులుగా వదులుతారు, దాంతో చిన్న ఊళ్లలో తిండి, మంచం సరిపోతాయి. మీరూ కనీసం ఇన్ని రోజులు అని ఒక గీత పెట్టొచ్చు. 12 రోజులు అంటే, అంతకన్నా ముందొచ్చి లాభం లేదని తెలిస్తే నిద్ర అమ్ముకోరు.

రాత్రి_లైటు

కనీస రోజులు పెడితే ముందున్నవాడు పదకొండో రోజు కన్యాకుమారి బీచ్‌లో కూర్చుని గడియారం చూసుకోవాలి. దాని కన్నా ఇలా చేయండి: ప్రతి 24 గంటల్లో ఆరు గంటలు ఒకేసారి ఆగాలి, ఎప్పుడు ఆగుతావో నీ ఇష్టం. ఎండలో ఆగేవాడు మధ్యాహ్నం ఆగుతాడు, భయమున్నవాళ్లు రాత్రి ఆగుతారు. చుక్క చూస్తే తెలిసిపోతుంది.

బ్రెవే_అక్క

"భయమున్నవాళ్లు" అన్న మాట వెనక్కి తీసుకుంటే ఆరు గంటలకి ఒప్పుకుంటా.

రాత్రి_లైటు

తీసుకున్నా. జాగ్రత్తపరులు.

హైవే_పిచ్చుక

చుక్క అన్నారు కదా, ట్రాకర్ల సంగతి. విదేశాల్లో అందరూ స్పాట్, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరాలు వాడతారు. అద్దెకు తెప్పించి అందరికీ ఇద్దామనుకుంటున్నా.

బల్ల_లాయరు

వద్దు! ఆ ఆలోచన ఇక్కడే ఆపండి. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్‌తో మెసేజీ పంపే పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో దగ్గర పెట్టుకోవడమే నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఇన్‌రీచ్ ఉందని కెనడా నుంచి వచ్చిన ఒక పరుగుల క్రీడాకారిణిని ఆపేశారు. అదే పరికరంతో జమ్మూలో పట్టుబడితే ఎంత టెన్షనో ఊహించుకోండి. విదేశీ రైడర్లు ఎవరైనా వస్తామంటే మొదటి మెయిల్లోనే ఇది రాయండి. వాళ్లకి ఇంకో తలనొప్పి కూడా ఉంది, విదేశీయుడు దిగితే లాడ్జి వాళ్లు అతని వివరాలతో ఫారం నింపి ప్రభుత్వానికి పంపాలి, ఆ బాధ పడలేక చిన్న లాడ్జిలు తీసుకోవు.

గ్రీజు_చేతులు

మొబైల్ సిమ్‌తో నడిచే జీపీఎస్ ట్రాకర్లు చాలు, బండ్లకి పెడతారు కదా, అవే. ఎన్‌హెచ్ 44 మీద సిగ్నల్ ఎక్కువచోట్ల ఉంటుంది. కానీ ఒక మెలిక: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ సిమ్ వేయాలి, ఫోనుకీ ట్రాకరుకీ రెండిటికీ. లేకపోతే మొదటి రోజు మ్యాప్ మీద ఒక్క చుక్కా కనబడదు, ఇంట్లోవాళ్లంతా ఏడుపు.

కొత్త_పెడల్

చుక్క గంటసేపు కదలకపోతే ఎవరు చూస్తారు? నిద్రపోయాడో పడిపోయాడో ఎలా తెలుస్తుంది?

చుక్కల_కాపలా

తమ్ముడు అడిగిందే అసలు ప్రశ్న. ఊరి మధ్యలోనో లాడ్జి దగ్గరో ఆగితే నిద్ర. రోడ్డు మధ్యలో, ఊరుకాని ఊళ్లో, ముందు వేగంగా వెళ్తూ ఉన్నట్టుండి ఆగితే ఫోను చేయాలి. ఎత్తకపోతే దగ్గరి టోల్‌ప్లాజాకి. మీ హైవే హెల్ప్‌లైన్ 1033 కదా, దానితోపాటు 108, 112 ప్రతి రైడరు సైకిల్ పైపు మీద అతికించండి, ఇంటివాళ్ల నంబరు, బ్లడ్ గ్రూపు కూడా. చూసేవాళ్లు మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు మాకు ఇవ్వండి. మీకు రాత్రి రెండు అయ్యేసరికి అక్టోబరులో ఇక్కడ ఉదయం ఏడున్నర. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే మధ్యాహ్నం. విదేశాల్లో తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారు, కాఫీ తాగుతూ చుక్కలు చూసే పని ఎవరు కాదంటారు?

హైవే_పిచ్చుక

ఇది అద్భుతం, నేను ఆలోచించనే లేదు.

సరే, ఇప్పటిదాకా తేలింది: జమ్మూలో మొదలు, కన్యాకుమారిలో ముగింపు. అక్టోబరు మొదటి వారం. ముప్పై మంది మించకుండా, ఒంటరి, జంట రెండు విభాగాలు. బహుమతి లేదు, ట్రాకర్ అద్దె, బీమా ఖర్చు మాత్రం పంచుకోవాలి. కంట్రోల్స్ ఝాన్సీ, నిర్మల్, లేపాక్షి, మదురై, మధ్యలో దారి ఎవరిష్టం వాళ్లది. ప్రతి 24 గంటల్లో ఆరు గంటలు ఒకే విడతగా ఆగాలి. రాత్రి వెనక రెండు లైట్లు, మెరిసే జాకెట్ లేకుండా కనబడితే అవుట్. 600 బ్రెవే పూర్తిచేసినట్టు చూపించనివాళ్లకి ప్రవేశం లేదు.

ఒక్కటి మాత్రం నా అభిప్రాయం, మీరు తిట్టినా సరే. ఈ అక్టోబరుకే ముప్పై మందిని పిలవను. ముందు మనలోనే ఆరేడుగురం, గడియారం లేకుండా ఆ దారంతా తొక్కి వద్దాం. ఏ లాడ్జిలో ఆడవాళ్లకి రూము ఇస్తారో, ఏ ఫ్లైఓవరు కింద సర్వీసు రోడ్డు అయిపోతుందో, కంట్రోల్ దగ్గర రాత్రి స్టాంపు ఎవరు వేస్తారో రాసుకుని వద్దాం. ఆ పుస్తకం చేతిలో ఉంటే వచ్చే ఏడాది రేసు.

కొత్త_పెడల్

నాకు 600 లేదు అన్నా, 300 వరకే. రెక్కీకి రావచ్చా?

బ్రెవే_అక్క

రావచ్చు, అయితే బయల్దేరేలోపు 400 ఒకటి చెయ్యి, 27 గంటలు ఇస్తారు. లాడ్జిల లిస్టు నేను రాస్తా, ఇంకొక అమ్మాయి తోడొస్తే బాగుంటుంది, ఇక్కడ చదువుతూ ఏమీ రాయకుండా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.

రాత్రి_లైటు

నేను వస్తున్నా. రాత్రి షిఫ్టులో ఒక్కడినే తొక్కుకుంటా, మీరు పడుకోండి.

గ్రీజు_చేతులు

రైలు సంగతి ఇప్పుడే చూసుకోండి. అండమాన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా జమ్మూ వెళ్తుంది. తిరుగు ప్రయాణానికి కన్యాకుమారి నుంచి హిమసాగర్, అది వారానికి ఒక్కసారే, తప్పితే ఇంకో రైలు మారాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సైకిల్‌ని పార్సిల్ వ్యానులో వేయాలంటే పెడళ్లు విప్పి, హ్యాండిల్ తిప్పి, గోనెపట్టా చుట్టి ఒకరోజు ముందే ఇవ్వాలి, వెనక డీరైలర్ (గేర్లు మార్చే భాగం) విప్పి విడిగా సంచిలో పెట్టుకోండి, అది వంగితే జమ్మూలోనే రెక్కీ అయిపోతుంది. నా షాపుకి తెస్తే ప్యాకింగ్ నేను చేసిపెడతా, డబ్బులు తీసుకునే.

సీమ_చక్రం

నేనూ ఉన్నా. రెక్కీలో గడియారం లేదు కాబట్టి గుత్తిలో భోజనం అందరికీ. ఎంతమందో రెండు రోజుల ముందు చెప్పండి, ఉగ్గాణి బజ్జీ పొద్దున పూట అయితే ఇంకా మంచిది.